మైకు లేని కచేరీ: పియానో, ఆర్కెస్ట్రా, వినేవారి చెవి

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఏ సభకు వెళ్లినా, ఏ పెళ్లికి వెళ్లినా చెవికి అందేది స్పీకర్లలోంచి వచ్చే శబ్దమే. అది నవరాత్రుల్లో జరిగే పాటకచేరీ అయినా, బతుకమ్మ మైదానంలో వినిపించే పాట అయినా, ఆడిటోరియంలో నాటకం అయినా అంతే. పాడేవారి గొంతు ముందు మైకులోకి వెళ్తుంది, అక్కడి నుంచి మిక్సర్‌ను, ఆంప్లిఫయర్‌ను దాటుకుని, వేదికకు రెండు పక్కలా నిలబెట్టిన పెట్టెల ద్వారా జనానికి చేరుతుంది. ఈ ఏర్పాటు ఎంతగా అలవాటైపోయిందంటే, మైకు లేకుండా వెయ్యి మందికి సంగీతం వినిపించడం అసలు కుదిరే పనేనా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో సోలోతో జరిగే ఆర్కెస్ట్రా కచేరీ ఈ సందేహానికి నేరుగా సమాధానం చెబుతుంది. వేదిక మీద యాభై నుంచి ఎనభై మంది వాద్యకారులు ఉంటారు, వారి ముందు ఒక పెద్ద పియానో ఉంటుంది, వారికీ శ్రోతకూ మధ్య గాలి తప్ప మరేదీ ఉండదు. ఆ కచేరీల్లో పాటించే నిశ్శబ్దం, హాలు కట్టే తీరు, కుర్చీ ఎంచుకునే పద్ధతి, చివరికి స్వరకర్త ఏ వాద్యానికి ఎంత రాశాడన్నది కూడా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

2025 మార్చిలో ఇళయరాజా లండన్‌లో తన సింఫనీని, అంటే పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన రచనను, వినిపించినప్పుడు ఆ మాట తెలుగు పత్రికల్లో విరివిగా కనిపించింది. సినిమా పాటల్లోని వయోలిన్ బృందాల వల్ల ఆర్కెస్ట్రా ధ్వని తెలుగు శ్రోతకు పరిచయమైనదే. అయితే అది రికార్డింగ్ ధ్వని. స్టూడియోలో ఒక్కో వాద్య బృందానికి విడివిడిగా మైకులు పెట్టి, ఏది ఎంత వినిపించాలో సౌండ్ ఇంజనీరు నిర్ణయిస్తాడు. మెల్లని స్వరాన్ని కొంత పైకి తెస్తాడు, బిగ్గరగా ఉన్నదాన్ని కొంత తగ్గిస్తాడు. అలా చేయకపోతే బస్సులోనో వంటింట్లోనో వినేవారికి సగం పాట అందదు. నేరుగా జరిగే కచేరీలో ఆ సర్దుబాటు ఉండదు. ఒకే వయోలిన్ తీగను గుర్రపు వెంట్రుకల కమాను మెల్లగా తాకినప్పటి సన్నని ధ్వని ఎంత చిన్నదో అంత చిన్నగానే చెవికి వస్తుంది, మరుక్షణం ఎనభై మంది ఒక్కసారిగా మోగించినప్పుడు ఆ ధ్వని ఎంత పెద్దదో అంత పెద్దగానే వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ సంగీతానికి ప్రాణం. పైగా స్పీకరులో అన్ని వాద్యాలూ రెండు పెట్టెల్లోంచే వస్తాయి. ఇక్కడ మాత్రం వయోలిన్లు ఎడమ నుంచి, డబుల్ బాస్‌లు సాధారణంగా కుడి నుంచి, కొమ్ము వాద్యాలు వెనక నుంచి వస్తాయి కాబట్టి, చెవి ఒక్కొక్క గొంతునూ దాని చోటును బట్టి విడదీసి పట్టుకోగలుగుతుంది.

నిజానికి ఉత్తర తెలంగాణకు మైకు లేని ప్రదర్శన కొత్తది కాదు. ఒగ్గుకథ, చిందు యక్షగానం కరెంటు రాని ఊళ్లలో తెల్లవార్లూ నడిచాయి. ఒగ్గుకథ చెప్పే కళాకారుడు గొంతును పై స్థాయిలో పట్టి కథ నడుపుతుంటే, మాట వచ్చేసరికి డోలు తగ్గుతుంది, మాట ఆగగానే డోలు ఎగసిపడుతుంది. ఇది అందం కోసం మాత్రమే చేసిన ఏర్పాటు కాదు. మైకు లేని చోట కథకుడి మాట చివరి వరుసకు చేరాలంటే వేరే దారి లేదు. పియానోను ఆర్కెస్ట్రా ముందు కూర్చోబెట్టిన స్వరకర్తలకు ఎదురైనదీ ఇదే సమస్య: ఒక్కరి గొంతు అంతమంది మధ్య మునిగిపోకుండా ఎలా నిలబడాలి? పియానో కాన్చెర్టో అనే రచనా రూపం రెండు వందల యాభై ఏళ్లుగా ఈ ప్రశ్నకు ఇచ్చిన రకరకాల జవాబుల మొత్తం.

పియానో పనిచేసే తీరు తెలిస్తే ఆ జవాబులు సులభంగా అర్థమవుతాయి. పద్య నాటకాల వల్ల, భజన మండళ్ల వల్ల మెట్లున్న వాద్యంగా మనకు బాగా తెలిసినది హార్మోనియం. దాని మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వని తీవ్రత మారదు. తిత్తి ఎంత గాలి ఊదితే అంత ధ్వని, గాలి ఉన్నంతసేపు అదే ధ్వని. పియానోలో పరిస్థితి పూర్తిగా వేరు. మెట్టు సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. ఆ దిగే వేగాన్ని బట్టి లోపల ఫెల్ట్ చుట్టిన సుత్తి తీగ వైపు దూసుకెళ్లి, తగిలీ తగలగానే వెనక్కి పడుతుంది. సుత్తి తీగకు ఆనుకుని ఉండిపోతే తీగ మోగదు కాబట్టి, కొట్టిన వెంటనే దాన్ని విడిపించే యంత్రాంగమే ఈ వాద్యంలోని అసలు ఆవిష్కరణ. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్తోఫొరి 1700 ప్రాంతంలో దాన్ని సాధించాడు. అంతకు ముందున్న హార్ప్‌సికార్డ్‌లో తీగను మీటడమే తప్ప, వేలి ఒత్తిడితో ధ్వనిని పెంచడం, తగ్గించడం చెప్పుకోదగినంతగా సాధ్యమయ్యేది కాదు.

పద్దెనిమిదో శతాబ్దపు స్వరకర్త మోజార్ట్ కాలంనాటి పియానో కలప చట్రంతో, సుమారు అయిదు స్థాయిల మెట్లతో ఉండే తేలికైన వాద్యం. దానికి తోడుగా ముప్ఫై మంది చుట్టూ ఉండే ఆర్కెస్ట్రా సరిపోయేది. పంతొమ్మిదో శతాబ్దంలో పోత ఇనుము చట్రం వచ్చాక తీగలను ఇంకా లావుగా, ఇంకా బిగువుగా కట్టడం వీలైంది. నేటి కచేరీ పియానో పొడవు దాదాపు తొమ్మిది అడుగులు, బరువు దాదాపు 500 కిలోలు, మెట్లు 88, తీగలు సుమారు 230. ఆ తీగలన్నీ కలిసి చట్రం మీద మోపే బిగువు ఇరవై టన్నుల దగ్గర ఉంటుంది. వాద్యం బలపడినకొద్దీ ఆర్కెస్ట్రా పెరిగింది, ఆర్కెస్ట్రా పెరిగినకొద్దీ వాద్యం మీద భారం పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాసిన కాన్చెర్టోలలో పియానో వాద్యకారుడు భుజాల బలమంతా వేళ్లలోకి దించవలసి రావడానికి కారణం ఈ పోటీయే.

ఇంత బలమున్నా పియానోకు ఒక పరిమితి ఉంది, కర్ణాటక సంగీతం విన్న చెవికి అది వెంటనే తడుతుంది. స్వరం మోగిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. దాన్ని సాగదీయడం, ఊపడం, పక్క స్వరానికి జార్చడం వీలుకాదు. గమకం లేనిదే రాగం లేదనుకునే శ్రోతకు ఇది పెద్ద లోటుగా అనిపించడంలో తప్పు లేదు. అయితే గొప్ప పియానో వాద్యకారులు చేసేదంతా ఈ లోటుతో తలపడడమే. ఆరిపోతున్న స్వరం చివరి తీవ్రతను గమనించి, తర్వాతి స్వరాన్ని సరిగ్గా అంతే తీవ్రతతో మొదలుపెడితే, రెండూ ఒకే ఊపిరిలో పాడినట్టు వినిపిస్తాయి. కుడి పెడల్ తొక్కినప్పుడు తీగలను అణచి ఉంచే డాంపర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, అప్పుడు కొట్టిన తీగతో పాటు కొట్టని తీగలు కూడా సన్నగా స్పందిస్తాయి. ఆ స్పందన వల్ల పుట్టే నిండుదనం హాలులో కూర్చున్నవారికి అందినంతగా ఫోను స్పీకరులో అందదు.

ఇక పియానో, ఆర్కెస్ట్రా కలిసే చోటికి వద్దాం. సాధారణంగా ఆర్కెస్ట్రా శ్రుతి చేసుకునేటప్పుడు ఓబో అనే ఊదే వాద్యం వాయించేవారు ఇచ్చే స్వరాన్ని మిగిలినవారు అందుకుంటారు. వేదిక మీద పియానో ఉన్న రోజున మాత్రం ఆ అధికారం పియానోది. వయోలిన్ బృంద నాయకుడు లేచి పియానో దగ్గరకు వెళ్లి సెకనుకు 440 కంపనాల దరిదాపుల్లో ఉండే ఆ ఒక్క మెట్టును నొక్కడం చాలా కచేరీల్లో కనిపిస్తుంది. మిగతా వాద్యాలు అప్పటికప్పుడు శ్రుతి మార్చుకోగలవు, 230 తీగలున్న పియానో మార్చుకోలేదు కాబట్టి అందరూ దానికే లొంగాలి. పియానో మూతను సాధారణంగా శ్రోతల వైపు తెరిచి నిలబెడతారు. తీగల ధ్వని ఆ వాలు పలక మీద తగిలి హాలులోకి మళ్లుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కనుక, పియానోకు పదిహేను మీటర్ల వెనక కూర్చున్న డోలు వాద్యకారుడు ముందున్న పియానోను చెవితో విని దానికి కలపాలని చూస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. ముందు నిలబడి సైగలతో ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేయి ఉన్నది ఇందుకే. వెనక వరుసలవారు చెవిని కాక కంటిని నమ్మి, తమకు వినిపించేదానికన్నా రవ్వంత ముందే వాయించాలి.

ఈ సూత్రాలన్నీ ఒకే రచనలో చూడాలంటే జర్మన్ స్వరకర్త బీథోవెన్ నాలుగో పియానో కాన్చెర్టోకు మించినది లేదు. 1808 డిసెంబరు 22న వియన్నాలోని ఒక నాటకశాలలో, చలి వణికిస్తున్న హాలులో, నాలుగు గంటల పాటు సాగిన కచేరీలో బీథోవెన్ స్వయంగా దీన్ని వాయించాడు. ఆయన అయిదో, ఆరో సింఫనీలు కూడా ఆ రాత్రే మొదటిసారి ప్రజల ముందుకు వచ్చాయి. వినికిడి క్షీణిస్తూ వచ్చిన ఆయన ఆ తర్వాత కాన్చెర్టో సోలో వాద్యకారుడిగా వేదిక ఎక్కలేదు.

అప్పటి ఆచారం ప్రకారం కాన్చెర్టోను ఆర్కెస్ట్రా మొదలుపెట్టాలి, సోలో వాద్యకారుడు కొన్ని నిమిషాల తర్వాత రంగప్రవేశం చేయాలి. ఈ రచనలో మొదటి అయిదు బార్ల (మన తాళ ఆవర్తనం వంటి చిన్న కొలతల) పాటు పియానో ఒక్కటే, అదీ మెల్లగా మాట్లాడుతుంది. దానికి వయోలిన్లు ఇచ్చే జవాబు ఇంకా మెల్లగా, ఎవరూ ఊహించని మరో శ్రుతిలో వస్తుంది. ఆ తర్వాత రెండు నిమిషాలకు పైగా పియానో మౌనంగా ఉంటుంది. వాద్యకారుడు చేతులు ఒడిలో పెట్టుకుని ఆర్కెస్ట్రాను వింటూ కూర్చుంటాడు. మైకు ఉన్న వేదిక మీద ఈ ఆరంభానికి అర్థం ఉండదు. పియానో ధ్వనీ, వయోలిన్ల ధ్వనీ ఒకే స్థాయికి సర్దుకుంటే, మెల్లని మాటకు అంతకన్నా మెల్లని జవాబు అనే భావమే చెరిగిపోతుంది.

రెండో భాగం సుమారు అయిదు నిమిషాలు. ఇందులో ఊదే వాద్యాలు లేవు, డోలు లేదు, తంత్రీ వాద్యాలూ పియానో మాత్రమే ఉంటాయి. తంత్రీ వాద్యాలన్నీ ఒకే వరుసను పై, కింది స్థాయిల్లో కలిసి, గట్టిగా, తెంచి తెంచి వాయిస్తాయి, అందులో దాదాపు ఆజ్ఞాపించే తీరు ఉంటుంది. పియానో దానికి ఎదురు తిరగదు, మెత్తని స్వర సమూహాలతో తన మాట తాను చెప్పుకుంటుంది. మొదట్లో ఒకరి మాట మీద మరొకరు పడరు. కొద్దికొద్దిగా ఆర్కెస్ట్రా వాక్యాలు చిన్నవవుతాయి, మెత్తబడతాయి, చివరికి వినీ వినపడని స్థాయికి దిగుతాయి. పియానో గొంతు పెంచి గెలవలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఈ భాగంలో చాలా మేరకు ఎడమ పెడల్ తొక్కే ఉంచమని బీథోవెన్ సూచించాడు. ఆ పెడల్ తొక్కగానే మెట్ల వరుస మొత్తం, సుత్తులతో సహా, కొద్ది మిల్లీమీటర్లు కుడికి జరుగుతుంది. అప్పుడు సుత్తి ఒక్కో స్వరానికి ఉన్న తీగలన్నిటినీ కాక కొన్నిటినే తాకుతుంది, ధ్వని చిన్నదవడమే కాక రంగు కూడా మారుతుంది. ముందు వరుసల్లో ఎడమ వైపు కూర్చున్నవారికి ఈ జరుగుడు కంటికి కూడా కనిపిస్తుంది. హాలులోని వారంతా ఊపిరి బిగబట్టి విన్నప్పుడే ఆ ఒక్క పియానో వినిపిస్తుంది కాబట్టి, ఇక్కడ శ్రోతల మౌనం కూడా రచనలో భాగమే అనడం అతిశయోక్తి కాదు. మూడో భాగం విరామం లేకుండానే తంత్రీ వాద్యాలతో మెల్లగా మొదలవుతుంది, అంతవరకు ఇరవై నిమిషాలకు పైగా ఊరక కూర్చున్న ట్రంపెట్లు, డోళ్లు అక్కడే మొదటిసారి గొంతు విప్పుతాయి.

చాలా కాన్చెర్టోలలో మొదటి భాగం చివర ఆర్కెస్ట్రా ఒక చోట ఆగిపోయి, పియానోను ఒంటరిగా వదిలేస్తుంది. దాన్ని కాడెంజా అంటారు. కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం ఎరిగినవారికి ఈ సందర్భం వెంటనే అర్థమవుతుంది. మృదంగ విద్వాంసుడు ముక్తాయింపుతో సైగ ఇవ్వగానే గాయకుడు పల్లవి అందుకున్నట్టే, ఇక్కడ పియానో ఒక దీర్ఘమైన స్వర కంపనంతో ముగించగానే ఆర్కెస్ట్రా లోపలికి వస్తుంది. మోజార్ట్, బీథోవెన్‌ల కాలంలో ఇది చాలావరకు అప్పటికప్పుడు పుట్టేది, మన మనోధర్మం వంటిదే. తర్వాత్తర్వాత స్వరకర్తలే దీన్ని రాసి పెట్టడం మొదలైంది. బీథోవెన్ తన అయిదో కాన్చెర్టోలో వాద్యకారుడు సొంత కాడెంజా వాయించవద్దని, రాసినదాన్నే వాయించమని స్పష్టంగా సూచించాడు. నేడు ఎక్కువమంది రాసి ఉన్న కాడెంజాలనే కంఠస్థం చేసి వాయిస్తారు. పాశ్చాత్య సంగీతం పోగొట్టుకున్న విలువైన అలవాట్లలో ఇది ఒకటి. మనోధర్మానికి అలవాటుపడిన మన శ్రోత ఆ లోటును ఎత్తి చూపడానికి పూర్తిగా అర్హుడు.

చప్పట్ల గురించి అవసరానికి మించిన భయం ఉంది. కాన్చెర్టో మూడు భాగాలుగా ఉంటుంది. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదనీ, మూడూ అయ్యాకే కొట్టాలనీ నేటి ఆచారం. ఇది అనాది నుంచి వస్తున్నది కాదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగానే శ్రోతలు చప్పట్లు కొట్టారని మోజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. మధ్యలో మౌనం పాటించే పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. కాబట్టి మొదటి భాగం ముగిశాక ఎవరైనా చప్పట్లు కొడితే అది అపచారమేమీ కాదు. సంగీతం నడుస్తున్నప్పుడు మాట్లాడడం, తొడ మీద తాళం వేయడం, భళా అనడం మాత్రం వేరే విషయం. మన కచేరీలో శ్రోత వేసే తాళం కళాకారుడికి బలాన్నిస్తుంది, అక్కడ గొంతును మైకు మోస్తోంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇక్కడ ఆ చిన్న చప్పుడు వెనక పియానో స్వరం ఒకటి పోతుంది. ఫోను వెలుగు కూడా పక్కవారి ధ్యాసను లాగేస్తుంది.

కుర్చీ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. వేళ్లు చూడాలనుకుంటే హాలు ఎడమ సగంలో కూర్చోవాలి. ధ్వని అన్ని వాద్యాల నుంచీ కలిసి రావాలంటే మధ్య వరుసలు లేదా బాల్కనీ ముందు వరుసలు మంచివి. మొదటి రెండు వరుసల్లో పియానో అడుగు భాగమే ఎక్కువగా కనిపిస్తుంది, దాని వెనకున్న ఆర్కెస్ట్రా సగం చాటవుతుంది.

వరంగల్ నుంచి ఇలాంటి కచేరీకి వెళ్లాలంటే ముందుగా తట్టేది ముంబయి. అక్కడి జాతీయ ప్రదర్శన కళల కేంద్రంలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా సుమారు 1,100 సీట్లున్న జంషెడ్ భాభా థియేటర్‌లో కచేరీలు చేస్తుంది, విదేశీ పియానో వాద్యకారులు అతిథులుగా వస్తారు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వరంగల్, కాజీపేటల మీదుగానే ముంబయి వెళ్తుంది. నిజామాబాద్ వైపువారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది.

మరి ఇలాంటి కచేరీ ఇక్కడే జరగాలంటే? అడ్డు వాద్యకారుల దగ్గర కాదు, హాలు దగ్గర వస్తుంది. చప్పట్లు కొట్టాక ఆ ధ్వని హాలులో ఎంతసేపు నిలుస్తుందన్నది శాస్త్రీయంగా కొలిచి, ఆ లెక్కతో మొదట కట్టిన హాలు 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్. దానికి లెక్క వేసింది వాలెస్ సబీన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు. జనంతో నిండినప్పుడు కూడా అక్కడ ధ్వని దాదాపు రెండు సెకన్లు నిలుస్తుంది. ఆర్కెస్ట్రాకు కావలసింది అదే, ఎందుకంటే ఆ రెండు సెకన్లలోనే వాద్యాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ప్రసంగాలకు, సినిమాకు, మైకు పెట్టిన కార్యక్రమాలకు ఒక సెకను చాలు, అంతకు మించితే మాట మాటలో కలిసి గజిబిజి అవుతుంది. అందుకే అన్ని పనులకూ ఒకటే ఆడిటోరియం అనుకుని కట్టినప్పుడు గోడలకు గుడ్డ, నేలకు తివాచీ, పైకప్పుకు ధ్వనిని పీల్చే పలకలు వేస్తారు. మైకుకు అవి మేలు చేస్తాయి, మైకు లేని వయోలిన్‌ను మాత్రం నోరు నొక్కేస్తాయి. హనుమకొండలో 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద వేదికల మీద ఆర్కెస్ట్రా కూర్చోవాలంటే వెనక తెర బదులు చెక్క పలకల గోడ నిలబెట్టాలి, ఏసీ హోరును తగ్గించాలి, స్పీకర్లను ఆపేయాలి. డోర్నకల్‌లో 1939లో పూర్తయిన ఎపిఫనీ కథీడ్రల్ వంటి ఎత్తైన కట్టడాల్లో మైకు లేని బృందగానం నిండుగా వినిపించడానికి కారణం, అక్కడ ధ్వనిని మింగే గుడ్డ కన్నా తిప్పికొట్టే గోడలు, స్తంభాలు ఎక్కువగా ఉండడమే.

రెండో అడ్డు పియానోయే. దాని ధ్వనికి ఆధారమైన స్ప్రూస్ కలప పలక గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, దానితో పాటే శ్రుతి కదులుతుంది. మే నెలలో 43 డిగ్రీలు దాటే పొడి ఎండకూ, ఆగస్టులో ముసురుకూ మధ్య ఊగిసలాడే వరంగల్‌లో కచేరీ పియానోను ఏడాది పొడవునా ఒకే తేమలో ఉంచే గది లేకపోతే అది త్వరగా చెడుతుంది. లారీలో తెప్పించినా, దించాక కొన్ని రోజులు ఆ గాలికి అలవాటు పడనివ్వాలి, కచేరీకి ముందు రోజు ఒకసారి, ఆ రోజు ఉదయం మరోసారి ట్యూనర్ శ్రుతి చేయాలి.

అయినా ఎనభై మందితోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. మోజార్ట్ 1782లో రాసిన పన్నెండో పియానో కాన్చెర్టోను పూర్తి ఆర్కెస్ట్రాతో గానీ, కేవలం నాలుగు తంత్రీ వాద్యాలతో గానీ వాయించవచ్చని ఆయనే 1783లో ప్రకటించాడు. రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, ఒక పియానో కలిపి అయిదుగురే. నిడివి సుమారు 25 నిమిషాలు. తొమ్మిది అడుగుల పియానో అక్కర్లేదు, ఆరడుగులది చాలు. రెండు మూడు వందల మంది పట్టే, గుడ్డ కప్పని గోడలున్న కళాశాల హాలు ఒకటి, ఎండా ముసురూ లేని డిసెంబరులోనో జనవరిలోనో ఒక సాయంత్రం దొరికితే హనుమకొండలో దీన్ని మైకు లేకుండా వినిపించవచ్చు. మూడు భాగాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో, పియానో ఎక్కడ ఒంటరిగా మిగులుతుందో తెలుగులో ఒక పేజీ ముద్రించి తలుపు దగ్గరే శ్రోతల చేతికిస్తే ఆ సాయంత్రానికి కావలసిన సరంజామా పూర్తవుతుంది.